మూడు ఊళ్ళు... మూడు వెలుగులు... ఒక్క కెమెరా!

సినిమా చూసి బయటికొచ్చాక హీరో ఫైట్ల గురించి, హీరోయిన్ చీరల గురించి మాట్లాడుకునేవాళ్ళు వందమంది ఉంటే, "ఆ షాటు ఎట్లా తీశారబ్బా!" అని బుర్ర గోక్కునేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఒకరిద్దరిలో మీరూ ఉన్నట్టయితే ఈ వ్యాసం అచ్చంగా మీ కోసమే. చేతిలో నాలుగు డబ్బులు పడగానే మంచి కెమెరా ఒకటి కొనాలని, ఏది కొనాలో తెలియక షాపుల చుట్టూ తిరుగుతున్న వాళ్ళలో మీరు కూడా ఉండే ఉంటారు.

మా చిన్నాయన కొడుకు అలాంటివాడే. ఊరు ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. పగలు మగ్గం మీద పట్టుచీర, రాత్రి నోటుపుస్తకంలో షార్ట్ ఫిల్ము స్క్రిప్టు! ఫోటోలంటే చిన్నప్పట్నుంచీ పిచ్చే గానీ, ఈమధ్య ఆ పిచ్చికి ఒక అవసరం కూడా తోడయింది. దళారీ చేతిలో పెట్టకుండా చీరల్ని తనే ఫోటోలు తీసి, ఫోన్లోనే బేరం కుదిర్చి అమ్ముతున్నాడు. చిక్కల్లా రంగులతోనే. నెమలికంఠం రంగు చీర ఫోటోలో ఉత్త నీలంగా పడుతోంది. చీర అందుకున్నవాళ్ళు "మేము అడిగింది ఇది కాదు" అని తిప్పి పంపేస్తున్నారు. ఒక చీర తిరిగొచ్చిందంటే రోజుల తరబడి పడిన కష్టం, పెట్టిన పట్టు ఖరీదు, అన్నీ బీరువాలో మడతపెట్టి కూర్చున్నట్టే కదా!

అందుకని వాడు చీటీ ఎత్తి 30 వేలు తెచ్చాడు. తెచ్చి నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, బెంగుళూరులో ఆఫర్ ఉందంట. కొత్త కెమెరా, రెండు లెన్సులు, బ్యాగు, ట్రైపాడు, కార్డు... అన్నీ ఇస్తారంట. ఇంకో పదివేలు అప్పు చేస్తే వచ్చేస్తాది. తీసేసుకుందామా?"

"ఆగు నాయనా! ముందు నువ్వు ఫోటోలు తీసే చోట వెలుతురు ఎట్లుందో చూద్దాం. ఆమీద కెమెరా."

అలా మొదలైంది మా రెండు రోజుల యాత్ర. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... మూడూ ఒకే రైలు దారిలో, ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ఊళ్ళు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మూడింటిలో మూడు రకాల వెలుతురు!

హిందూపురంలో బాడుగ కెమెరా

హిందూపురం అనగానే మన పాఠకులకు గుర్తొచ్చేది ఎవరో చెప్పక్కర్లేదు. 1985, 1989, 1994... మూడుసార్లు అన్న ఎన్.టి.ఆర్.ను అసెంబ్లీకి పంపిన ఊరు. 2014, 2019, 2024లలో మూడుసార్లు బాలకృష్ణను పంపిన ఊరు. బెల్లం, చింతపండు, పట్టుగూళ్ళ మార్కెట్లకు పేరుమోసిన ఊరు. బెంగుళూరు దగ్గర కాబట్టి తెలుగూ కన్నడం కలగలిపి మాట్లాడే ఊరు.

ఇక్కడ ఒక స్టూడియో ఆయన పెళ్ళిళ్ళ కోసం కెమెరాలు బాడుగకిస్తాడు. మేము రెండు కెమెరాలు తీసుకున్నాం. ఒకటి కానన్ 1500డీ, దానికి 50 ఎం.ఎం. లెన్సు. రెండోది నికాన్ డీ5300, దానికి మామూలు 18-55 జూమ్ ఒకటీ, 35 ఎం.ఎం. లెన్సు ఒకటీ.

"ఏమప్పా, కొనేదానికి బాడుగ ఎందుకు?" అన్నాడాయన నవ్వుతూ.

"పెళ్ళిచూపులండీ!" అన్నాను నేను.

కెమెరా విషయంలో పెళ్ళిచూపులు తప్పవు. ఎందుకంటే డీఎస్ఎల్ఆర్ అంటే వట్టి పెట్టె కాదు. లెన్సు లోంచి వచ్చిన దృశ్యం లోపలి అద్దం మీద పడి, అక్కణ్ణించి పైకి మళ్ళి మన కంటికి కనబడుతుంది. బటన్ నొక్కగానే ఆ అద్దం టక్కున పైకి లేస్తుంది, వెలుగు సెన్సర్ మీద పడుతుంది. ఆ "టక్" శబ్దమే ఈ కెమెరాల సంతకం. ఇప్పుడు కంపెనీలు ఆ అద్దం తీసేసి మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్ళాయి. 2020 తర్వాత కానన్, నికాన్ రెండూ కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ ఒక్కటీ తేలేదు. జనం పాతవి అమ్మి కొత్తరకం కొంటున్నారు. అందువల్ల మనబోటి వాళ్ళకి మేలే జరిగింది. నిన్నటి హీరోలు ఇవాళ తక్కువ పారితోషికానికి దొరుకుతున్నారన్నమాట! కొత్త లెన్సులు ఇక పెద్దగా రావన్నది నిజమే గానీ, ఉన్నవే మనకు ఒక జీవితకాలానికి చాలు.

మా తమ్ముడి మొదటి సందేహం మెగాపిక్సెళ్ళ మీద. "నా ఫోన్లోనే 108 ఉండాయి. ఇందులో 24 యేనా అన్నా?" లెక్క చెప్పాను. పెళ్ళి ఆల్బమ్‌లో 12 అంగుళాలకు 18 అంగుళాల పేజీ నిండా మంచి ప్రింటు వేయాలంటే దాదాపు 19 మెగాపిక్సెళ్ళు చాలు. కొనేవాళ్ళు చీర చూసే ఫోన్ తెరలో రెండు మూడు మెగాపిక్సెళ్ళ కంటే కనబడవు. సెన్సర్ ఎంత పెద్దది అన్నదే అసలు ప్రశ్న. ఈ కెమెరాల్లో సెన్సర్ సుమారు 23 మిల్లీమీటర్లకు 15 మిల్లీమీటర్లు. ఫోన్ సెన్సర్ దీనిముందు పిల్ల. వాన కురిసినప్పుడు గిన్నె పెద్దదైతే నీళ్ళెక్కువ పడతాయి కదా, వెలుగూ అంతే.

లేపాక్షి: చీకట్లో బొమ్మలు

హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు వెళితే లేపాక్షి. ఊరి మొదట్లో నంది... ఒకే రాతిలో 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు! బయట ఎండలో నిలబడి ఈ నందిని ఏ కెమెరాతో తీసినా బాగానే వస్తుంది. ఫోన్‌తో తీసినా వస్తుంది. "చూశావా, ఇక్కడ 30 వేల కెమెరాకీ నీ ఫోన్‌కీ పెద్ద తేడా లేదు" అన్నాను. షాపువాడు ఎప్పుడూ ఇలాంటి వెలుతురులోనే కెమెరా చూపిస్తాడు. అందుకే అక్కడ అన్నీ బ్రహ్మాండంగా కనిపిస్తాయి.

అసలు పరీక్ష వీరభద్రస్వామి గుడి లోపల. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి. నాట్యమంటపం పైకప్పు నిండా రంగుల బొమ్మలు. నేలకు పూర్తిగా ఆనని స్తంభం కింద జనం గుడ్డ దూర్చి లాగుతూ ఉంటే, మావాడు మాత్రం మెడ పైకెత్తి బొమ్మల్లోని ఆడవాళ్ళ చీరల అంచులు చూస్తున్నాడు. లేపాక్షి బొమ్మల్లోని నమూనాలే ధర్మవరం చీరల మీదికి దిగాయని నేతగాళ్ళు చెప్పుకుంటారు మరి!

ఫ్లాష్ వేయకూడదు. పాత రంగులకు అది మంచిది కాదు. ట్రైపాడు పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. (ఆఫర్‌లో వచ్చే ఫ్రీ ట్రైపాడు ఇక్కడ గేటు బయటే ఆగిపోతుందన్నమాట!) ఇక మిగిలింది లెన్సు ఒక్కటే.

18-55 జూమ్ పెట్టి 35 దగ్గర నిలిపితే దాని నోరు ఎఫ్ 4.5 వరకే తెరుచుకుంది. షట్టర్ సెకనులో పదో వంతుకి దిగింది. అదే చోట, అదే కెమెరాకి 35 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు తగిలించాను. వెలుగు ఆరు రెట్లు! షట్టర్ సెకనులో అరవయ్యో వంతుకి ఎగబాకింది. ఒక్క గమ్మత్తు మాత్రం చెప్పుకోవాలి. జూమ్ లెన్సులో చేతివణుకు ఆపే ఏర్పాటు ఉంది కాబట్టి, పదో వంతు సెకనులోనూ పైకప్పు బొమ్మ స్పష్టంగానే వచ్చింది. కానీ కింద నిలబడ్డ మనిషి దెయ్యంలా చెదిరిపోయాడు. బొమ్మ కదలదు, మనిషి కదులుతాడు. ఆ ఏర్పాటు మన చేతిని ఆపుతుంది గానీ ఎదుటి మనిషిని ఆపలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ధర్మవరంలో పనికొస్తుంది.

బయట లతామంటపం స్తంభాల మీద సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంటే, ఒక్కో తీగా ఒక్కో పువ్వూ లేచి నిలబడ్డట్టు కనిపించాయి. మావాడు నలభై ఫోటోలు తీసుకున్నాడు... వచ్చే చీర అంచు కోసం!

పెనుకొండ: ఎండతో కుస్తీ

మర్నాడు పొద్దున్నే పెనుకొండ. హైవే పక్కన ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు దించుతుంటే, ఇవతల కొండ మీద ఐదొందల ఏళ్ళ నాటి గోడలు చూస్తూ కూర్చున్నాయి. 1565లో రక్కసితంగడి యుద్ధం తర్వాత హంపి పాడుబడితే, తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. తిమ్మరుసును గుడ్డివాణ్ణి చేసి బంధించింది ఈ ఊళ్ళోనేనని జనం చెప్పుకుంటారు. ఆ మంత్రి కథ 1962లో "మహామంత్రి తిమ్మరుసు"గా తెరకెక్కితే, గుమ్మడి తిమ్మరుసుగా, ఎన్.టి.ఆర్. రాయలుగా ఎలా జీవించారో పాత సినిమాల అభిమానులకు చెప్పాలా?

ఊళ్ళో గగన్‌మహల్. కమానుల లోపల నిలబడి బయటికి చూస్తే కళ్ళు చెదిరే ఎండ, లోపలేమో మసక చీకటి. మన కన్ను రెండూ చూస్తుంది. కెమెరా చూడలేదు. ఆకాశానికి సరిపెడితే గోడ నల్లబొగ్గు, గోడకు సరిపెడితే ఆకాశం తెల్లకాగితం! ఇక్కడే "రా" ఫైలు ఆదుకుంటుంది. మామూలు జేపెగ్ ఫోటో అంటే కెమెరా వండి వడ్డించిన అన్నం. "రా" అంటే వండని బియ్యం, వంట మన ఇష్టం. జేపెగ్ ఒక్కో రంగులో 256 మెట్లు దాస్తే, డీ5300 "రా" ఫైలు 16,384 మెట్లు దాస్తుంది. ఆకాశం తెల్లబోకుండా కొంచెం చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్లో గోడను పైకి లేపితే దాక్కున్న చెక్కడాలన్నీ బయటపడ్డాయి. ఇప్పటి డీఎస్ఎల్ఆర్‌లన్నిటిలో ఈ సదుపాయం ఉంటుంది. కాబట్టి దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు, నేర్చుకుంటే చాలు.

తర్వాత కొండెక్కాం. సగం దారిలో తెలిసింది బరువంటే ఏమిటో! డీ5300 బ్యాటరీతో కలిపి 530 గ్రాములు. దాని పెద్దన్న డీ7200 అయితే 765. కాగితం మీద తేడా పావుకిలో కూడా లేదు. దానికి తగ్గ పెద్ద లెన్సు కూడా మెడకు వేలాడేసుకుని, ఎర్రటెండలో మెట్లెక్కితే ఆ పావుకిలో పదికిలోలవుతుంది. బరువైన కెమెరాకి ఇంకో శత్రువు ఉంది... ఇంట్లోని బీరువా! మోయలేక ఇంట్లో వదిలేసిన కెమెరా ఎంత ఖరీదైనదైనా ఫోటో తీయదు.

కొండమీద గాలి, దుమ్ము. అక్కడ లెన్సులు మార్చడం మంచిది కాదు. సెన్సర్ మీద దుమ్ము పడితే ప్రతి ఆకాశంలోనూ మచ్చలే. జూమ్ లెన్సు విలువ తెలిసేది ఇలాంటి చోటే. 18 దగ్గర కోటగోడ మొత్తం, 55 దగ్గర బురుజు ఒక్కటే. కాబట్టి 18-55ను చిన్నచూపు చూడొద్దు. పగటి వెలుతురుకి అది చాలు.

ధర్మవరం: పట్టు చెప్పిన తీర్పు

సాయంత్రానికి ధర్మవరం చేరాం. రైల్వే జంక్షను దిగి వీధుల్లోకి మళ్ళితే మగ్గాల చప్పుడు. మునుపటంత లేదు, మరమగ్గాల పోటీకి చాలా ఇళ్ళలో చేతిమగ్గం మూగబోయింది. మా చిన్నాయన ఇంట్లో మాత్రం ఇంకా ఆడుతోంది.

పది అడుగుల గది. గుంటమగ్గం. ఒక పక్క కిటికీ, పైన ట్యూబులైటు. ముందు కానన్‌కి 50 ఎం.ఎం. లెన్సు పెట్టి చూశాడు తమ్ముడు. సెన్సర్ చిన్నది కావడంతో 50 లెన్సు ఈ కెమెరా మీద 80 లాగా దగ్గరగా చూపిస్తుంది. మగ్గం మొత్తం పట్టాలని వెనక్కి జరిగి జరిగి... గోడకి వీపు తగిలింది! ముఖం క్లోజప్పుకి బంగారంలాంటి లెన్సే, ధర కూడా తక్కువే. అయితే ఈ గదికి పనికిరాదు. నికాన్ మీద 35 పెట్టాడు. అది 52 లాగా, దాదాపు మన కన్ను చూసినట్టే చూపిస్తుంది. చిన్నాయన, మగ్గం, కిటికీ... మూడూ చట్రంలో కుదిరాయి.

చిన్నాయన చేయి తాడు లాగితే నాడె ఇటునుంచి అటు దూసుకుపోతుంది. సెకనులో రెండొందల యాభయ్యో వంతు పెడితే చెయ్యి గాలిలో నిలిచిపోయింది. ముప్ఫయ్యో వంతు పెడితే చీర నిలబడి, నాడె మాత్రం గీతలా సాగింది. ఈ రెండో ఫోటోలోనే మగ్గం ఆడుతున్నట్టుంది. ఎఫ్ 1.8 లెన్సు ఉంది కాబట్టి రెండూ మన చేతిలో ఉన్నాయి. జూమ్ ఉంటే మొదటిది కుదరాలంటే ఫోటో నిండా ఇసుక చల్లినట్టు గరుకుదనం.

ఇక అసలు సంగతి... నెమలికంఠం చీర. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. అందుకే ఒక పక్కనుంచి నీలం, ఇంకో పక్కనుంచి పచ్చ. దీనికి తోడు కిటికీ వెలుతురు ఒక రంగు, ట్యూబులైటు ఒక రంగు. కెమెరా తికమకపడక ఏం చేస్తుంది? మేము చేసింది మూడే పనులు. ట్యూబులైటు ఆర్పేసి కిటికీ వెలుతురు ఒక్కటే ఉంచాం. తెల్ల కాగితం పెట్టి, "ఇదీ తెలుపు" అని కెమెరాకి వైట్ బ్యాలెన్స్ నేర్పించాం. సినిమా షూటింగుల్లో హీరోయిన్ ముఖానికి పట్టే తర్మోకోల్ షీటు కిటికీకి ఎదురుగా నిలబెట్టాం. లెన్సు నోరు ఎఫ్ 8కి మూసి, ట్రైపాడు బదులు స్టూలు మీద కెమెరా పెట్టి, ఒకే చీరని రెండు పక్కల నుంచి రెండు ఫోటోలు తీశాం. జరీ కళ్ళల్లో పొడవకుండా మెరిసింది. నీలం నీలంగా, పచ్చ పచ్చగా వచ్చింది.

పిన్నమ్మ చీరని తెర పక్కన పెట్టి చూసింది. "ఇప్పుడు మన చీర మాదిరే ఉండాది" అంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏం కావాలి?

ఇంతకీ ఏది కొన్నాం?

పాత డీ5300. మొదట చూపించినవాడి కెమెరా పైకి పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది గానీ, లెన్సులోకి టార్చిలైటు వేసి చూస్తే సాలెగూడులా బూజు! నమస్కారం పెట్టి వచ్చేశాం. రెండోచోట దొరికింది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు ఈ నాలుగూ చూడాలి. ఒకటి, షట్టర్ ఎన్నిసార్లు పడింది. చిన్న మోడళ్ళకి సుమారు లక్ష అంటారు. నికాన్‌లో అయితే తాజాగా తీసిన ఫోటో ఫైల్లోనే ఆ అంకె దొరుకుతుంది. మాది 31 వేలు. రెండు, ఎఫ్ 16 పెట్టి తెల్లగోడ ఫోటో తీసి, పెద్దది చేసి మచ్చలు వెతకడం. మూడు, టార్చిలైటుతో లెన్సులో బూజు. నాలుగు, బ్యాటరీ ఉబ్బిందా, లెన్సు బిగించేచోట ఊగుతోందా.

18-55తో కలిపి కెమెరా 21 వేలు, పాత 35 లెన్సు 8,500. మిగిలిన 500లో తర్మోకోల్ షీటు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డీ. అప్పు లేదు!

అందరికీ ఇదే కొనమని నేననను. వీడియో మీదే మీ గురి అయితే కానన్ 200డీ చూడండి. మనిషి కదిలినా ఫోకస్ వెన్నంటే వెళ్ళే తీరు ఈ నికాన్‌కి లేదు. మైకు పెట్టుకునే రంధ్రం ఉందో లేదో కూడా చూసుకోవాలి. నికాన్ డీ3500, కానన్ 1500డీలలో అది లేదు, డీ5300లోనూ 200డీలోనూ ఉంది. డీ3000, డీ5000 వరస నికాన్‌లకి లోపల ఫోకస్ మోటారుండదు. పాతరకం లెన్సు చవగ్గా వచ్చిందని కొంటే చేత్తో తిప్పుకోవాలి. పెళ్ళిళ్ళలో బయటి కంపెనీ ఫ్లాష్ వాడేవాళ్ళు కానన్ 200డీ రెండో మోడల్ జోలికి వెళ్ళేముందు ఆలోచించాలి. ఫ్లాష్ తగిలించే చోట నడిమి కాంటాక్టు అందులో లేదు.

2011లో రామ్‌గోపాల్ వర్మ "దొంగల ముఠా"ను కానన్ 5డీ కెమెరాలతో 5 రోజుల్లో తీసేస్తే, "ఇక అందరం డైరెక్టర్లమే" అని కుర్రాళ్ళు ఎగిరి గంతేశారు. దానికి 54 ఏళ్ళ ముందే, 1957లో, మన తాడిపత్రి బిడ్డ కె.వి. రెడ్డిగారి "మాయాబజార్"లో మార్కస్ బార్‌ట్లే లైట్లతోనే వెన్నెల కురిపించారు. ఇవాళ మన చేతిలో ఉన్న సదుపాయాల్లో పదోవంతు కూడా ఆయనకు లేవు. ఆయనకు తెలిసింది వెలుతురు.

కాబట్టి పాఠకులారా, కొనబోయే ముందు ఒక్కరోజు బాడుగకి తీసుకోండి. మీ ఊరి గుడిలో, మీ ఊరి ఎండలో, మీ ఇంటి గదిలో పరీక్షించండి. డబ్బులో మూడోవంతు మంచి లెన్సుకి ఉంచండి. ఫ్రీ బ్యాగుకి లొంగిపోకండి.

ఆ నెమలికంఠం చీర ఈసారి తిరిగి రాలేదు. కొన్నావిడ చెల్లెలి కోసం ఇంకొకటి అడిగిందట. ఇక మా తమ్ముడి షార్ట్ ఫిల్ము సంగతంటారా? గగన్‌మహల్ దగ్గర షూటింగుకి అనుమతి కోసం అర్జీ రాస్తున్నాడు. హీరోయిన్ ఇంకా దొరకలేదు గానీ, కట్టించే చీర మాత్రం మగ్గం మీద ఉంది!